గిడ్డంగిలో ఏదీ ఊరకే పడి ఉండదు

గోడౌన్ అనే మాట ఇంగ్లీషువాళ్లు మనకిచ్చిందని చాలామంది అనుకుంటారు. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు వేరే దారి చూపుతుంది. మలయా రేవుల్లో సరుకుల కొట్టుకు వాడే ‘గదోంగ్’ అన్న మాటే ఇంగ్లీషువాళ్ల నోట గోడౌన్ అయిందనీ, దాని మొదలు మాత్రం దక్షిణ భారతంలోనే ఉన్నట్టు కనిపిస్తోందనీ, తెలుగు ‘గిడ్డంగి’, తమిళ ‘కిడంగు’ అందుకు ఆధారాలనీ వాళ్లు రాశారు. వాళ్లు చెప్పింది నిజమైతే మన రేవుల నుంచి ఓడెక్కి తూర్పు సముద్రం దాటిన మాట, వేషం మార్చుకుని మళ్లీ మన ఊరికే వచ్చిందన్నమాట. ఇప్పుడు రైతు నోట గోడౌన్, పత్రికల్లో గోదాము, ప్రభుత్వ బోర్డు మీద గిడ్డంగి. మూడూ వాడుకలో ఉన్నాయి.

గిడ్డంగికి ఆ నిఘంటువు ఇచ్చిన అర్థం ‘సరుకు పడి ఉండే చోటు’. నాకు పేచీ అక్కడే. బయటి నుంచి చూసేవారికి గోడౌన్ అలాగే కనిపిస్తుంది. పొడవాటి రేకుల షెడ్డు, మూసిన షట్టరు, లోపల మసక వెలుతురులో కప్పు దాకా బస్తాలు, ఎక్కడా అలికిడి ఉండదు. కానీ లోపల ఏం జరుగుతోందో తెలిస్తే, ఆ సరుకు ఒక్క క్షణం కూడా ఊరకే పడి లేదని అర్థమవుతుంది.

వడ్లతో మొదలుపెడదాం. ఐదు వేల టన్నుల గోడౌన్ అంటే 50 కిలోల బస్తాలు లక్ష పడతాయి. వడ్లగింజ రాయి లాంటిది కాదు, నిద్రపోతున్న మొక్క. నిద్రలోనూ ఊపిరి తీస్తుంది. తనలో దాచుకున్న పిండిని కొద్దికొద్దిగా చక్కెరగా మార్చి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చులోంచి బొగ్గుపులుసు వాయువు, నీరు, వేడి పుడతాయి. కిలో చక్కెర ఇలా పూర్తిగా ఖర్చయితే దాదాపు 600 గ్రాముల నీరు తయారవుతుంది. గోడౌన్‌లోకి వాన చుక్క పడకపోయినా, బస్తాలో నీరు బస్తాలోనే పుట్టగలదు.

ఆ నీటితో అసలు చిక్కు మొదలవుతుంది. తేమ పెరిగితే గింజ ఇంకా వేగంగా ఊపిరి తీస్తుంది. వేగంగా తీస్తే ఇంకా వేడి, ఇంకా తేమ. ఇక బూజు మేలుకుంటుంది. అదీ ఊపిరి తీస్తుంది, అదీ వేడి పుట్టిస్తుంది. గింజల రాశి వేడిని బయటికి పోనివ్వదు, దుప్పటిలా కప్పి ఉంచుతుంది. అందుకే దొంతర అంచున బస్తాలు చల్లగా ఉండగానే నడిమి బస్తాలు ఉడికిపోతుంటాయి. చేయి పెడితే చురుక్కుమనే వేడి, ముక్కుకు ముక్కవాసన. ఆ రెండూ బయటికి తెలిసేసరికి లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది. మర పట్టించిన బియ్యానికి మొలక భాగం పోతుంది కాబట్టి గింజ ఊపిరి చాలావరకు ఆగుతుంది. బూజు, పురుగు మాత్రం ఆగవు.

కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు 17 శాతం దాటితే ధాన్యం వెనక్కి పంపుతారు. బియ్యమైతే 14 శాతం దగ్గర గీత గీస్తారు. ఈ అంకెల మీద ప్రతి సీజన్‌లో గొడవ జరుగుతుంది. అంకె వెనక ఉన్న శాస్త్రం నిజమే, పైన చెప్పిన ఉడుకు మొదలు కాకుండా ఆపడానికే ఆ గీత. అయితే కోత యంత్రం పచ్చి ధాన్యాన్ని ఒక్క పూటలో కుప్ప పోసి పోతున్న ఈ రోజుల్లో, ఆరబెట్టడానికి కళ్లం లేకుండా, కప్పడానికి పట్టా లేకుండా, 17 అన్న అంకెను మాత్రం రైతు ముందు పెట్టడం న్యాయం కాదు. తేమ తీయడం కూడా నిల్వలో భాగమే. ఆ భాగాన్ని ఒక్క రైతు నెత్తిన వేసి మిగతాదంతా వ్యవస్థ అనుకోవడం పొరపాటు.

తేమ తర్వాతి శత్రువు ముక్కుపురుగు. దీని పని చాలా నేర్పుగా ఉంటుంది. ఆడపురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పైకి గింజ నిక్షేపంగా కనిపిస్తుంది. లోపల పిల్ల పురుగు పిండి తింటూ పెరిగి, వెచ్చని గోడౌన్‌లో నెల తిరిగేసరికి పెద్దదై బయటికొస్తుంది. ఒక్కో ఆడపురుగు జీవితకాలంలో వందల గుడ్లు పెడుతుంది. బస్తా మీద నాలుగు పురుగులు పాకుతున్నాయంటే గింజల్లో కంటికి కనబడనివి ఇంకెన్నో ఉన్నాయని అనుభవమున్న గోడౌన్ సిబ్బందికి తెలుసు. జల్లెడ పట్టినా చీపురుతో ఊడ్చినా అవి పోవు. గింజ లోపలికి దూరగలిగేది వాయువు ఒక్కటే.

అందుకే పొగబెట్టడం. మూడు గ్రాముల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లకు గాలిలోని తేమ తగిలితే ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. బస్తాల దొంతర మొత్తం మీద గాలి చొరబడని పట్టా కప్పి, నేల దగ్గర అంచుల మీద ఇసుక నింపిన పొడవాటి సంచులు పేర్చి, రోజుల తరబడి అలాగే ఉంచుతారు. ఎన్ని బిళ్లలు పెట్టామన్నది ఎంత ముఖ్యమో, వాయువు ఎన్ని రోజులు నిలిచిందన్నదీ అంతే ముఖ్యం. గుడ్డు, కోశదశలు తట్టుకునేంత మొండివి, వాటిని చంపడానికి సమయం కావాలి. చిరిగిన పట్టా కప్పి రెండు రోజులకే తీసేస్తే బలహీనమైన పురుగులు చస్తాయి, గట్టివి మిగులుతాయి. ఆ గట్టివాటి సంతానమే తర్వాతి తరం. ఫాస్ఫీన్‌కు లొంగని పురుగులు ఇవాళ మన దేశంలోనూ ఇతర దేశాల్లోనూ ఉన్నాయంటే ఇలాంటి అరకొర పొగ ముఖ్య కారణం. మనిషికి కూడా ఆ వాయువు ప్రాణాంతకం. ఇంట్లో బియ్యం డబ్బాలో ఆ బిళ్ల వేయడం, వేసిన గది పక్కన పడుకోవడం లాంటివి ఎవరూ ఎన్నడూ చేయకూడదు.

మన పాత నిల్వ పద్ధతుల్లో ఈ శాస్త్రమంతా ఉంది. వెదురు తడికకు పేడ, మట్టి మెత్తిన గాదె, గడ్డివెంటి చుట్టలు చుట్టి కట్టిన పురి, గరిసె, పాతర. వీటిలో పాతర నాకు ఎక్కువ అబ్బురం. భూమిలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టితో బిగించేవారు. లోపల గింజలూ పురుగులూ ఊపిరి తీసి తీసి ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పురుగు తన ఊపిరితో తానే చస్తుంది. బిళ్ల అవసరం లేదు. పాతర మూత తీయగానే లోపలికి దిగకూడదనే పెద్దల మాట వెనక ఉన్నదీ ఆ వాయువే. గాలి చొరబడని ప్లాస్టిక్ సంచులు, గుడారాల్లాంటి పెద్ద కవర్లు ఇప్పుడు ధాన్యం నిల్వకు వస్తున్నాయి. వాటిది పాతర సూత్రమే.

ఇక క్రమం సంగతి. లక్ష బస్తాల్లో ఏది ముందు బయటికి వెళ్లాలి? ముందొచ్చింది ముందు వెళ్లాలన్నది నియమం. వినడానికి తేలిక. కానీ ముందొచ్చిన బస్తాలను మూలకు పేర్చి, వాటి ముందు కొత్తవి పేరిస్తే తలుపు దగ్గర ఉండేవి కొత్తవే. లారీ వచ్చి నిలబడితే హమాలీలు దగ్గర్లో ఉన్నవాటినే ఎత్తుతారు. మూలన ఉన్నవి ఏళ్లు గడిచినా అక్కడే ఉంటాయి. అందుకే మంచి గోడౌన్‌లో సగం నైపుణ్యం ఖాళీ వదలడంలో ఉంటుంది. గోడకూ దొంతరకూ మధ్య, దొంతరకూ దొంతరకూ మధ్య మనిషి నడిచే సందు ఉండాలి. నేల తేమ పైకి ఎక్కకుండా కింద చెక్క చట్రాలుండాలి. ప్రతి దొంతరకూ ఎప్పుడొచ్చింది, ఎన్ని బస్తాలు, ఎప్పుడు మందు కొట్టారు అని రాసిన కార్డు వేలాడాలి. మందుల గోడౌన్‌లో నియమం కాస్త మారుతుంది. ఎప్పుడొచ్చిందని కాకుండా, దేని గడువు ముందు తీరుతుందో అది ముందు వెళ్లాలి.

హమాలీల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మనిషి మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ధాన్యం బస్తా అంటే మాత్రం ఆంధ్ర రైతుకు తరతరాలుగా 75 కిలోల లెక్క. 50 కిలోల సంచి రావడం లెక్కల సౌకర్యం కంటే హమాలీ వెన్నెముకకు జరిగిన మేలు. ఆ సంచి కూడా రోజుకు వందలసార్లు ఎత్తాలంటే భారమేనని మరిచిపోకూడదు.

ధాన్యం గోడౌన్‌లో ఉండేది ఒకటి రెండు రకాల సరుకు. ఫోన్‌లో ఆర్డరు పెడితే ఇంటికి పంపే కంపెనీల గోడౌన్‌లో లక్షల రకాలుంటాయి. అక్కడ పురుగు కంటే పెద్ద శత్రువు నడక. ఒక్కో వస్తువు ఏరి తేవడానికి మనిషి రాక్‌ల మధ్య నడిచే నడకకే పని సమయంలో దాదాపు సగం పోతుందని ఈ రంగంలో పరిశోధకుల అంచనా. కిరాణా కొట్టు యజమానికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఉప్పు, పంచదార, నూనె చేతికందేచోట, ఏడాదికోసారి అడిగే హోమద్రవ్యాలు అటక మీద. పెద్ద గోడౌన్ కూడా ఎక్కువ పోయే సరుకును తలుపు దగ్గరికి తెస్తుంది.

కానీ ఆ గోడౌన్‌లో అడుగుపెడితే ఇంకో సంగతి ఆశ్చర్యపరుస్తుంది. ఒకే అరలో పళ్లపొడి, పక్కన పాఠ్యపుస్తకం, దాని పక్కన కుక్కర్ గాస్కెట్. సర్దడం చేతకాక కాదు, కావాలనే అలా పెడతారు. దీని వెనక లెక్క ఉంది. గొడుగులకు జూన్‌లో వెయ్యి అరలు కావాలి, స్వెట్టర్లకు డిసెంబరులో వెయ్యి కావాలి అనుకుందాం. దేని చోటు దానికి కట్టబెడితే రెండు వేల అరలు కట్టాలి. ఏడాదిలో ఎక్కువకాలం వాటిలో సగం ఖాళీ. ఏ అర ఖాళీ ఉంటే అందులో పెట్టే వీలుంటే వెయ్యికి కాస్త పైన సరిపోతాయి, ఎందుకంటే రెండింటి రద్దీ ఒకే నెలలో రాదు. అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. ఏది ఎక్కడుందో మనిషి గుర్తుపెట్టుకోలేడు. గోడౌన్ జ్ఞాపకమంతా కంప్యూటర్‌లో ఉండాలి, ప్రతి వస్తువుకూ ప్రతి అరకూ కంప్యూటర్ చదవగలిగే పేరుండాలి.

ఆ పేరే బార్‌కోడ్. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్ మార్కెట్ కౌంటరు దగ్గర, చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి ఆ గీతలను యంత్రం చదివింది. మీ ఇంట్లో ఏదైనా ప్యాకెట్ తీసి చూడండి, గీతల కింద 13 అంకెలుంటాయి. 890తో మొదలైతే ఆ కంపెనీ తన నంబరును భారతదేశ నమోదు సంస్థ దగ్గర తీసుకుందని అర్థం. వస్తువు ఇక్కడే తయారైందని మాత్రం అర్థం కాదు, చాలామంది ఇక్కడ పొరబడతారు.

చివరి అంకె కాపలాదారు. 890123456789 అనే పన్నెండు అంకెలు తీసుకుందాం. మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని మళ్లీ 1తో, ఇలా మార్చి మార్చి గుణించి కూడితే 130 వస్తుంది. దాన్ని పదితో నిశ్శేషంగా భాగించడానికి ఇంకెంత కలపాలి? సున్నా. కాబట్టి పదమూడో అంకె 0. ఎవరైనా చేత్తో టైపు చేస్తూ చివరి 8, 9లను 9, 8గా కొట్టారనుకోండి. మొత్తం 128 అవుతుంది, కాపలా అంకె 2 కావాలి, ఉన్నది 0. తప్పు దొరికిపోతుంది. ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా ఇది పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు పట్టుకుంటుంది. 1, 6 లాగా తేడా సరిగ్గా ఐదున్న జంట తారుమారైతే మాత్రం మొత్తం పది మారుతుంది, తప్పు జారిపోతుంది. చేతిలో కాగితం, పెన్ను ఉంటే ఇప్పుడే చేసి చూడండి.

ఇంత కాపలా ఉన్నా లెక్కా సరుకూ వేరుపడుతూనే ఉంటాయి. డిహొరాషియస్, రామన్ అనే పరిశోధకులు ఒక పెద్ద అమెరికన్ చిల్లర వ్యాపార సంస్థకు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3,70,000 నిల్వ లెక్కలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. 65 శాతం లెక్కలు అరలో ఉన్న సరుకుతో సరిపోలలేదు. పగిలినవి రాయరు, ఒకటి బదులు ఇంకొకటి స్కాన్ చేస్తారు, కొన్ని దొంగతనంగా పోతాయి, కొన్ని తప్పు అరలో కూర్చుంటాయి. పుస్తకంలో ఉండి అరలో లేని సరుకు అన్నిటికంటే ప్రమాదం. కంప్యూటర్ దృష్టిలో అది ఉంది, కాబట్టి కొత్తది తెప్పించదు. కొనడానికి వచ్చినవాడికి అది లేదు. మందుల గోడౌన్‌లో ఇలా జరిగితే ఒక రోగికి ఆ రోజు ఇంజెక్షన్ ఉండదు. అందుకే ఏడాదికోసారి తలుపులు మూసి అంతా లెక్కపెట్టడం కంటే, రోజూ కొన్ని అరల చొప్పున లెక్కపెట్టుకుంటూ పోవడం మేలని ఈ పనిలో ఉన్నవాళ్లు తేల్చుకున్నారు.

ఎంత సరుకు తెప్పించాలి అన్న ప్రశ్నకు 1913లోనే ఫోర్డ్ విట్‌మన్ హ్యారిస్ అనే అమెరికన్ ఒక సూత్రం ఇచ్చాడు. ఒక్కసారే ఎక్కువ తెప్పిస్తే నిల్వ ఖర్చు, పెట్టుబడి వడ్డీ పెరుగుతాయి. కొంచెం కొంచెంగా తెప్పిస్తే ప్రతిసారీ లారీ, కాగితాల ఖర్చు. రెండూ సమానమయ్యేచోట మొత్తం ఖర్చు అతి తక్కువ. ఏడాదికి 2,000 పెట్టెలు అమ్ముడుపోయి, తెప్పించినప్పుడల్లా 100 రూపాయలు, పెట్టెను ఏడాది ఉంచడానికి 10 రూపాయలు అవుతాయనుకుంటే, జవాబు విడతకు 200 పెట్టెలు. విశేషం ఏమిటంటే ఈ సూత్రంలో వర్గమూలం ఉంది. అమ్మకం నాలుగింతలైతే తెప్పించాల్సింది నాలుగింతలు కాదు, రెండింతలే.

ఆ వర్గమూలమే గోడౌన్లు ఎక్కడ, ఎన్ని కట్టాలన్నదీ శాసిస్తుంది. అనుకోని గిరాకీ కోసం నాలుగు ఊళ్లలో నాలుగు గోడౌన్లు, ఒక్కోటి నూరేసి పెట్టెలు అదనంగా ఉంచుకుంటే మొత్తం 400. నాలుగూ కలిపి ఒక్కటి చేస్తే, ఒక ఊళ్లో గిరాకీకి ఇంకో ఊరి గిరాకీతో సంబంధం లేని పక్షంలో, 200 చాలు. ఒకచోట పెరిగితే ఇంకోచోట తగ్గి సర్దుకుంటాయి. మరి మన దేశంలో కంపెనీలు ఎన్నో ఏళ్లు రాష్ట్రానికో గోడౌన్ ఎందుకు పెట్టుకున్నాయి? పన్ను వల్ల. రాష్ట్రం దాటి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది, తన సరుకును తన గోడౌన్‌కే తరలించుకుంటే పడేది కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయాక హైదరాబాద్ డిపో నుంచి గుంటూరు దుకాణానికి చేసే అమ్మకం కూడా అంతర్రాష్ట్ర అమ్మకమైపోయింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ కారణం పోయింది. పన్ను కోసం కట్టిన చిన్న గోడౌన్లు మూసి, దూరం చూసుకుని పెద్దవి కట్టడం అప్పుడు ఊపందుకుంది. హైదరాబాద్ చుట్టుపక్కల జాతీయ రహదారుల వెంట లేచిన పెద్ద పెద్ద షెడ్ల వెనక ఉన్న కారణాల్లో ఈ చట్టం ఒకటి.

ఇక గుంటూరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పోటెత్తుతాయి. అందరూ ఒకేసారి తెస్తే ధర పడిపోతుంది. ఆగగలిగిన రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తాడు. యార్డులో ధర చెప్పేటప్పుడే ‘ఏసీ’, ‘నాన్ ఏసీ’ అని వేరువేరుగా చెబుతారు. చల్లదనం ఎందుకు? మిరపకాయ ఎరుపు కాప్సాంథిన్ వంటి వర్ణకాలది. వెలుతురు, గాలి, వేడి తగిలితే ఆ అణువులు విరిగి కాయ తెల్లబారుతుంది. స్థూలంగా పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇలాంటి రసాయన చర్యల వేగం రెట్టింపవుతుంది. గుంటూరు మే నెల ఎండ నలభై డిగ్రీలు, గది లోపల పది అనుకుంటే తేడా ముప్పై. రంగు పోయే వేగం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. చల్లని గదిలోంచి తీసిన టిక్కీని వెంటనే ఎండలో విప్పితే మాత్రం, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే కాయకు చెమ్మ పడుతుంది. ఆ చెమ్మలో బూజు, బూజుతో అఫ్లాటాక్సిన్ విషం వచ్చే ప్రమాదం ఉంది. కాసేపు ఆగి విప్పాలి.

రైతు ఆగాలంటే చేతిలో డబ్బుండాలి. ఏ.డి. గోర్వాలా నేతృత్వంలో జరిగిన గ్రామీణ రుణ సర్వే 1954లో ఈ మాటే చెప్పింది. కోత కోసిన వారంలోనే అప్పులవాడి కోసం పంట తెగనమ్ముకోకుండా ఉండాలంటే, పంటను గిడ్డంగిలో పెట్టి దాని మీద బ్యాంకు అప్పు తీసుకునే వీలు కల్పించాలని. 1956లో చట్టం, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ వచ్చాయి. 2007 చట్టంతో గోడౌన్ రసీదుకే చేతులు మారే హక్కు వచ్చింది, 2010లో గిడ్డంగుల నియంత్రణ సంస్థ ఏర్పడింది, 2017 నుంచి ఆ రసీదు ఎలక్ట్రానిక్ రూపంలో దొరుకుతోంది. నాకు మళ్లీ ఆ పాత నిఘంటువు అర్థం గుర్తొస్తోంది. సరుకు పడి ఉండే చోటు. నిజంగానే బస్తా కదలకుండా అక్కడే ఉంటుంది. రసీదు మాత్రం రైతు నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి వ్యాపారికి నడుస్తుంది. రసీదు ఎవరి పేరుకు మారితే సరుకు మీద హక్కు వారిది.

ఆ కాగితానికి విలువ ఎక్కడిది? లోపల తేమ చూసిన మీటరుది, పట్టా సరిగా కప్పిన మనిషిది, దొంతర కార్డు మీద తేదీ అబద్ధం రాయని గుమాస్తాది. ఈ అధ్యాయంలో చెప్పుకున్న పనుల్లో ఏది తప్పినా రసీదు ఉత్త కాగితమైపోతుంది. కాబట్టి పంట నిల్వ పెట్టే రైతులు, వారి ఇంట చదువుకున్న పిల్లలు ఈసారి ఒక పని చేయండి. ఆ గోడౌన్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టరైందా అని ముందే అడగండి. రసీదు మీద బరువు, నాణ్యత గ్రేడు, పెట్టిన రోజు మార్కెట్ విలువ, నిల్వ అద్దె, బీమా కంపెనీ పేరు, సరుకు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందన్న గడువు ఉన్నాయో లేదో చదివి చూడండి. ఇవన్నీ రాసి ఇవ్వాలని చట్టంలోనే ఉంది.